నా చెయ్యి పట్టుకుని ఆపినవాళ్ళందరికీ థాంక్స్

ముందు థాంక్స్ చెప్పేస్తాను, కథ తర్వాత. కథ ముందు పెడితే సగంలో వెళ్ళిపోతారని తెలుసు.

మార్చిలో ఒక ఎర్ర సైకిల్ ఫ్రేము ఫోటోలు పెట్టి, ఇది ఏ కంపెనీదో ఎవరైనా చెప్పగలరా, బాగవుతుందా అని అడిగాను గుర్తుందా? ఆ ఫ్రేము మొన్న ఆదివారం రోడ్డెక్కింది. నలభై కిలోమీటర్లు తొక్కాను, చేతులు వదిలేసినా తిన్నగా వెళ్ళింది. ఇందులో నా గొప్పేమీ లేదు. నేను చెయ్యబోయిన పనుల్లో సగం పనులు మీలో ఎవరో ఒకరు "వద్దు" అనబట్టే ఇది బతికింది. అందుకే ఈ పోస్టు.

తెలియనివాళ్ళ కోసం మొదటి నుంచి చెప్తాను. మిలాన్‌లో నావీల్యో గ్రాందే కాలువ ఒడ్డున దాదాపు ప్రతి నెలా ఆఖరి ఆదివారం పాత సామాన్ల సంత జరుగుతుంది. అక్కడ ఈ ఫ్రేము ఒక బల్లకి ఆనించి ఉంది. చక్రాలు లేవు, సీటు లేదు, ఫ్రేమూ ఫోర్కూ మాత్రమే. అమ్మేవాడు "కోల్నాగో, కోల్నాగో" (ఇటలీలో పేరున్న రేసు సైకిళ్ళ కంపెనీ) అని రెండుసార్లు అన్నాడు, బెల్జియం సైక్లింగ్ వీరుడు మెర్క్స్ పేరు కూడా ఎత్తాడు. పైపు మీద కోల్నాగో గుర్తు, అదే పేకలోని కళావరు ఆసు, స్టిక్కరుగా ఉంది. 1972లో ఎడీ మెర్క్స్ మెక్సికో సిటీలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టిన సైకిలు కట్టింది ఎర్నెస్తో కోల్నాగో అని నేను ఎప్పుడో చదివి ఉన్నాను, ఇక ఆగుతానా, 90 యూరోలు ఇచ్చేసి మెట్రోలో భుజాన వేసుకుని వచ్చేశాను. దారంతా ఇటాలియన్ తాతలు ఫ్రేము వంక చూస్తున్నారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను. జాలిపడుతున్నారని తర్వాత అర్థమైంది.

మొదటి థాంక్స్ బెర్గామోలో ఉండే మన వరంగల్ అన్నకి. ఫోటో పెట్టిన పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. "తమ్మీ, కంపెనీ సంగతి తర్వాత, ముందుగాల హెడ్ పైపు (హ్యాండిల్ కింద ఉండే పొట్టి గొట్టం) ఎనక, కింది పైపుకు అడుగున వేలు పెట్టి రుద్దు, ఏమన్న తగుల్తాందా?" రుద్దాను. తగిలింది. చొక్కా చేతి మడతలాగా చిన్న ముడత, దాని మీద పెయింటు అడ్డంగా పగిలి ఉంది. ఎదురుగా దేనికో గుద్దుకుంటే చక్రం, ఫోర్కు వెనక్కి నెట్టుకొస్తాయి, ఆ దెబ్బ కింది పైపు తీసుకుంటుందని అన్న చెప్పాడు. రేసు ఫ్రేముల్లో పైపు చివర్ల మందంగా, మధ్యలో పల్చగా ఉంటుంది. మందం తగ్గే ఆ చోటునే ముడత పడుతుంది. నాది సరిగ్గా అక్కడే. ఫోర్కు కూడా పక్క నుంచి చూస్తే కొంచెం వెనక్కి వాలి ఉంది. నేను కొనేటప్పుడు చూసింది స్టిక్కరు ఒక్కటే మరి.

ఆ రాత్రికి టెన్షన్‌తో నిద్ర లేదు. దీన్ని గోడకి తగిలించుకోవడమే మేలని సగం మంది అన్నారు, సుత్తితో సరిచేయొచ్చని ఇద్దరు అన్నారు (ఆ ఇద్దరికి థాంక్స్ లేవు). హైదరాబాద్‌లో 600 కిలోమీటర్ల బ్రెవేలు (గడువు లోపల పూర్తి చెయ్యాల్సిన దూరప్రయాణాలు) తొక్కే ఒకాయన మాత్రం డబ్బు పెట్టే ముందు దారం పరీక్ష చెయ్యమన్నారు. వెనక ఇరుసు కూర్చునే ఒక చీలిక నుంచి దారం కట్టి, ముందు హెడ్ పైపు చుట్టూ తిప్పి, రెండో చీలికకి తెచ్చి కట్టాలి. తర్వాత సీటు పైపు నుంచి దారానికి అటెంత, ఇటెంత దూరమో కొలవాలి. రెండూ సమానంగా ఉంటే వెనక భాగం వంకర లేనట్టే. నాకు తేడా ఒక మిల్లీమీటరు కూడా రాలేదు. "అయితే దెబ్బ ముందుభాగానికే, ఒక పైపుతో పోతుంది" అన్నారాయన. సార్, ఆ తర్వాత నేను నిద్రపోయింది మీ దారం వల్లే.

ఇక పేరు సంగతి. కోల్నాగో కాదని తేలడానికి వారం పట్టింది. ఆ కళావరు గుర్తు 1970లో వాళ్ళ సైకిలు మీద మికేలె దాన్చెల్లి మిలాన్-సాన్ రేమో రేసు గెలిచాక వచ్చింది. ఆ తర్వాతి స్టీలు ఫ్రేముల్లో వాళ్ళు మామూలుగా దాన్ని స్టిక్కరుతో సరిపెట్టేవాళ్ళు కాదు, లగ్గుల్లోనో (పైపులు కలిసే చోట తొడిగే ముక్కలు), ఫోర్కు తల మీదో, పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం కిందో చెక్కడమో కోయడమో చేసేవాళ్ళు. నా దాంట్లో ఎక్కడా లేదు. స్టిక్కరు అంచు గోటితో లేపితే కింద ఎర్రరంగు కొత్తగా నిగనిగలాడుతోంది, అంటే రంగు వేశాక చాలా రోజులకి అంటించలేదు, రంగుతో పాటే అంటించారు. అడుగున ఒక్కచోట గీకి చూస్తే ఎరుపు కింద నీలం. అసలు రంగు నీలం అన్నమాట. మోసమే, కానీ ఎంత పాత మోసమో.

వెనక చీలికల మీద కంపాన్యోలో (సైకిలు విడిభాగాలు చేసే ఇటలీ కంపెనీ) అని అచ్చు ఉంటే నేను మళ్ళీ ఎగిరాను. అది చూసి ఎగరొద్దని బెర్గామో అన్న ఆపాడు. విచెంజా వాళ్ళ ఆ ముక్కలు అప్పటి మంచి ఇటాలియన్ ఫ్రేముల్లో చాలావాటికి ఉంటాయట, దాన్ని బట్టి కట్టినవాడి పేరు చెప్పడం అంటే బిరియానీలో బాస్మతి బియ్యం చూసి హోటల్ పేరు చెప్పడం లాంటిది. (ఈ పోలిక నాది, అన్నది కాదు.) అసలు సాక్ష్యం లోపల దొరికింది. ఫోర్కు ఊడదీసి, దాని నిలువు గొట్టంలోకి కింద నుంచి ఫోన్ టార్చి వేస్తే, అడుగున మెలి తిరిగిన ఐదు గట్లు కనిపించాయి, తుపాకీ గొట్టంలో ఉంటాయే అలాంటివి. అవి కొలంబస్ వాళ్ళ రేసు పైపుల గుర్తు. అమెరికా కనిపెట్టిన కొలంబస్ కాదు, 1919లో మిలాన్‌లో ఆంజెలో లుయీజి కొలొంబో పెట్టిన పైపుల కంపెనీ. కొలొంబో అంటే పావురం, వాళ్ళ గుర్తు కూడా అదే. సీటు పైపులో 27.2 మిల్లీమీటర్ల సీటు పోస్టు సరిగ్గా దిగింది, కాబట్టి వాటిలో తేలికైన ఎస్ఎల్ రకం. బరువైన ఎస్పీ రకం అయితే పైపు గోడ మందం, ఇంకాస్త సన్నటి పోస్టు పట్టేది. వెనక చక్రం పట్టే ఖాళీ 126 మిల్లీమీటర్లు, అంటే వెనక ఆరు పళ్ళచక్రాలు వచ్చాక కట్టినది. అంతకు ముందు ఐదు ఉన్నప్పుడు 120 ఉండేది. ఇవన్నీ కలిపితే 1970ల చివర్లో కట్టి ఉండాలి.

నంబరేమైనా ఉందా అని చాలామంది అడిగారు. అడుగున 56 అని ఉంది, అంతే. అది సైజు.

ఇప్పుడు మా నాన్న. నాన్నకి తెనాలిలో సైకిల్ షాపు. నలభై ఏళ్ళుగా హీరోలూ అట్లాసులూ విప్పి బిగించిన చెయ్యి. పెడళ్ళ ఇరుసు గొట్టంలో పాత కప్పులు (బేరింగు గుళ్ళు కూర్చునేవి) తుప్పు పట్టి ఇరుక్కుపోతే వీడియో కాల్ పెట్టాను. "కుడి పక్క కప్పు ఎదురు మర్రా, అందరూ తిప్పే వైపు తిప్పితే ఊడదు, గడియారం తిరిగే వైపు తిప్పు" అన్నాడు. మన సైకిళ్ళన్నీ ఇంగ్లిష్ పద్ధతి కదా, కుడి కప్పుకి ఎదురు మర ఉంటుంది. తిప్పాను. కదల్లేదు. పానకి పైపు తొడిగి ఇంకా గట్టిగా తిప్పబోతుంటే మా వీధి చివర గ్యారేజీ తాత, రోజూ నా పని చూసి తల అడ్డంగా ఊపే ఆయన, వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. నా దగ్గర ఉన్న వెర్నియర్ తీసుకుని గొట్టం వెడల్పు కొలిచి చూపించాడు, 70 మిల్లీమీటర్లు. ఇంగ్లిష్‌ది అయితే 68 ఉంటుంది. ఇటాలియన్ పద్ధతిలో రెండు పక్కలా మామూలు మరే, అంటే నేను అంతసేపూ దాన్ని ఇంకా బిగిస్తున్నాను. నూనె పోసి మూడు రోజులు వదిలేసి, మామూలు వైపు తిప్పితే కుయ్యిమని ఊడింది. నాన్నకి చెప్తే ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత "అయితే తొక్కుతుంటే ఊడిపోదూ?" అన్నాడు. నిజంగానే, ఇటాలియన్ కుడి కప్పు వదులవుతుందని ఇక్కడ అందరూ తిట్టుకుంటారు! ఇటాలియన్ సైకిల్ని ముట్టుకోకుండానే దాని జబ్బు చెప్పాడు మా నాన్న. అందుకని ఆయనకీ థాంక్స్, తప్పు చెప్పినందుకు కూడా.

పొలితెక్నికోలో (ఇక్కడి ఇంజనీరింగ్ యూనివర్సిటీ) మెటీరియల్స్ చదివే రాజమండ్రి చెల్లెమ్మా, నీకు రెండు థాంక్స్. తుప్పుకి ఇక్కడ సూపర్‌మార్కెట్లో దొరికే మురియాటిక్ యాసిడ్ (అదే హైడ్రోక్లోరిక్) బాటిల్ కొనుక్కుని, ఫ్రేముని బాత్‌టబ్బులో పెట్టి పోద్దామని నేను సిద్ధంగా ఉన్నాను. గట్టి స్టీలుని ఆ యాసిడ్‌లో నానబెడితే పుట్టే హైడ్రోజన్ లోహంలోకి దూరి పెళుసుగా చేస్తుందని నువ్వు చెప్పకపోతే ఎప్పటికి తెలిసేది? ఆగ్జాలిక్ యాసిడ్ పల్చగా కలిపి, గ్లౌజులు వేసుకుని, ఒక రోజు ఉంచి కడిగాను, టీ డికాక్షన్ రంగు నీళ్ళు వచ్చాయి, కింద బూడిదరంగు స్టీలు బయటపడింది. రెండోది రంగు వదలగొట్టడానికి ఇసుక కొట్టించొద్దన్నందుకు (సాండ్‌బ్లాస్టింగ్). పైపు గోడ మధ్యలో 0.6 మిల్లీమీటర్లే, అంటే ఏటీఎం కార్డు కన్నా పల్చన. గేట్లకి, గ్రిల్లులకి ఇసుక కొట్టేవాడి చేతిలో పెట్టబోయాను దాన్ని.

అన్నిటికన్నా పెద్ద థాంక్స్ మిలాన్ దగ్గర బ్రియాంత్సాలో ఫ్రేములు కట్టే పెద్దాయనకి. పేరు రాయొద్దన్నాడు. ఈ పోస్టు చదవడు కూడా, ఆయన కొడుక్కి మాత్రం చదివి వినిపిస్తానని మాటిచ్చాను. ఇలా ఫ్రేములు కట్టేవాళ్ళని ఇక్కడ తెలాయిస్తా అంటారు. ఆయన షెడ్డులో ఇనపబల్ల, గ్యాస్ సిలిండర్లు, గోడకి వేలాడే రకరకాల లగ్గులు. ఫ్రేము చేతికి తీసుకుని స్టిక్కరు వైపు కూడా చూడలేదు. లగ్గుల అంచులు వేలితో తడిమి, లోపల వేలు పెట్టి, "మంచి పనివాడే కట్టాడు, తొందరలో కట్టాడు" అన్నాడు. ఎవరు కట్టారో చెప్పగలరా అంటే నవ్వాడు. ఆ రోజుల్లో మిలాన్ చుట్టూ చిన్న చిన్న షెడ్లు ఎన్నో ఉండేవి, ఒకడు కట్టేవాడు, ఇంకొకడు పేరు రాసుకునేవాడు, తానూ యౌవనంలో వేరేవాళ్ళ పేర్ల కింద చాలా కట్టానని చెప్పాడు. పేరు కోసం వెతకడం ఆపేసింది అక్కడే. ఆయన ముందు నిలబడి ఇది ఎవరిదని అడగడం నాకే సిగ్గనిపించింది, దానిలాంటివి కట్టిన మనిషి ఎదురుగానే ఉన్నాడు మరి.

పని చూడనిచ్చాడు. ముడత పడ్డ కింది పైపుని రంపంతో మధ్యలోంచి కోశాడు. లగ్గుల్లో మిగిలిన మొండేలని మంటతో వేడి చేస్తే లోపలి ఇత్తడి కరిగింది, పటకారుతో మెలితిప్పి లాగేశాడు. ఒక మొండెం చటుక్కున వచ్చింది, రెండోది, ఇరుసు గొట్టం దగ్గరది, అరగంట సతాయించింది. ఇత్తడి కరగాలంటే దాదాపు 900 డిగ్రీలు కావాలి. మరీ ఎక్కువైతే స్టీలు పాడవుతుంది, పక్క అతుకులు కూడా కదులుతాయి. ఆయన దగ్గర థర్మామీటరు లేదు, రంగు చూసి మంట వెనక్కి తీస్తాడు. వెండి కలిసిన అతుకు తక్కువ వేడిలో కరుగుతుంది కదా అని నా తెలివి చూపించబోయాను. "ఇత్తడి ఉన్నచోట ఇత్తడే" అన్నాడు, అంతే. తన అటక మీదున్న పాత కొలంబస్ పైపు ఒకటి దింపి, చివర లగ్గు లోపలి ఒంపుకి సరిపోయేలా ఆకురాయితో రుద్ది రుద్ది కూర్చోబెట్టాడు. అతకడానికి పట్టిన టైమ్ కన్నా ఈ రుద్దడానికే ఎక్కువ పట్టింది. ఫోర్కుని పగుళ్ళేమైనా ఉన్నాయేమో చూసి, వేడి చెయ్యకుండా, ఒక పొడుగాటి కడ్డీతో నెమ్మదిగా ముందుకి లాగాడు. 220 యూరోలు తీసుకున్నాడు. ఫ్రేము 90, బాగుచెయ్యడం 220, ఈ లెక్క మా ఆవిడకి చెప్పినప్పుడు మీరెవరూ సాయం రాలేదు, అది మాత్రం గుర్తుంచుకుంటాను.

రంగు గీకితే దొరికిన నీలమే వేయించాను, కార్లకి రంగు కలిపే షాపులో సరిపోల్చి. కోల్నాగో స్టిక్కర్లు కొత్తవి దొరుకుతాయి, అంటించి అమ్మితే నాలుగు రెట్లు వస్తుందని చెప్పినవాళ్ళు ఉన్నారు. నా మీద ప్రేమతోనే చెప్పారు. కానీ మళ్ళీ ఎవడో నాలాంటి వెర్రివాడు దాన్ని మెట్రోలో భుజాన మోసుకెళ్ళాలా? పేరు లేకుండానే ఉంచాను. నాన్న ఫోటో చూసి "మడ్‌గార్డులేవి, క్యారేజేది, స్టాండేది" అని అడిగాడు, ఆ మూడూ లేకపోతే ఆయన లెక్కలో అది సగం సైకిలే.

సెలవు దొరికితే దీని మీద గిసాల్లో కొండెక్కాలని ఉంది, 754 మీటర్ల ఎత్తున, సైక్లిస్టుల మాత గుడి ఉన్న చోటు. బెర్గామో అన్న వస్తానన్నాడు.

చివరగా ఇంకొక్క సాయం. ఎవరి దగ్గరైనా పాత కంపాన్యోలో గేరు లీవరు, కింది పైపుకి బిగించే రకం, ఎడమ పక్కది ఉంటే చెప్పండి. జత కొన్నాననుకున్నాను, ఇంటికొచ్చి చూస్తే రెండూ కుడివే. అంతవరకూ ముందు పళ్ళచక్రం మార్చాలంటే దిగి చేత్తో చైను ఎత్తి వేస్తున్నాను.