నాళం చూడకుండా ముడి వేయొద్దు

సంపాదకులకు,

ఆయాసపడుతున్న పిల్లి ఛాతీలోంచి సూదితో లాగితే సిరంజిలోకి ఒక్కోసారి అచ్చం పాలలాంటి ద్రవం వస్తుంది. చీము అనుకుని యాంటీబయాటిక్ మొదలుపెట్టేవారున్నారు. వారానికోసారి లాగేస్తూ, దానంతటదే ఆగుతుందిలే అని చూసేవారూ ఉన్నారు. చాలాసార్లు అది కైల్, అంటే పేగుల నుంచి కొవ్వును మోసుకెళ్లే శోషరసం (లింఫ్). అది వెళ్లే నాళాన్ని స్కాన్‌లో చూడవచ్చు. చూడకుండానే ఆ నాళాన్ని ముడి వేసి కట్టే ఆపరేషన్‌కు దిగడం పిల్లికి అన్యాయం.

ద్రవం రంగును నమ్మకూడదు. కొన్నాళ్లుగా తిండి మానేసిన పిల్లి పేగుల్లో కొవ్వు ఉండదు కాబట్టి కైల్ కూడా పలచగా, గులాబీ రంగు నీళ్లలా వస్తుంది. ద్రవంలోనూ రక్తంలోనూ ఒకే పూట ట్రైగ్లిజరైడ్లు, అంటే ఒక రకం కొవ్వు, కొలవాలి. రక్తంలో కన్నా ద్రవంలో ఎక్కువుంటే అది కైలే. తర్వాత గుండెకు ఎకో తీయాలి. గుండె జబ్బు వల్ల ద్రవం చేరుతుంటే నాళాన్ని కట్టినా లాభం లేదు. గుండెకు ముందున్న భాగంలో గడ్డ ఉందేమో కూడా అల్ట్రాసౌండ్‌లో చూడాలి. ఊపిరికి మరీ కష్టంగా లేకపోతే ద్రవం పూర్తిగా తీయకముందే ఇది చూడటం మంచిది. ద్రవం ఉన్నప్పుడు ఎక్స్‌రేలో దాగిపోయే గడ్డ, అదే ద్రవం మధ్య అల్ట్రాసౌండ్‌లో తేటగా కనిపిస్తుంది. ఊపిరి అందని పిల్లికి మాత్రం మొదట ఆక్సిజన్ పెట్టి ద్రవం తీయాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. ఏ పరీక్ష కోసమైనా దాన్ని వెల్లకిలా పడుకోబెట్టవద్దు.

ఇవేవీ కావని తేలాక నాళం సంగతి. నడుము భాగంలో బృహద్ధమనిని ఆనుకుని ఉండే సిస్టెర్నా కైలై అనే సంచి నుంచి థొరాసిక్ డక్ట్ అనే ఈ నాళం బయలుదేరి, మెడ మొదట్లో ఎడమవైపు పెద్ద సిరల్లో కలుస్తుంది. పిల్లిలో అది ఛాతీ వెనుక భాగంలో బృహద్ధమనికి ఎడమపక్కన నడుస్తుంది, కుక్కలో కుడిపక్కన. కుక్కలకు చేసి చేసి అలవాటైన చేయి పిల్లికీ కుడివైపే కోస్తే నాళం అందదు. పైగా అది ఎప్పుడూ ఒక్క తీగలా ఉండదు. రెండు మూడు పాయలుగా చీలి మళ్లీ కలుస్తుంది. ఒక్క పాయ మిగిలిపోయినా కైల్ అటు మళ్లుతుంది, కొన్నాళ్లకు ఛాతీ మళ్లీ నిండుతుంది. మామూలు ఎక్స్‌రే కన్నా సీటీలో ఈ పాయలు ఎక్కువగా బయటపడతాయి. ఒక మిల్లీమీటరుకు మించని పలచటి ముక్కలుగా తీస్తేనే లెక్క తేలుతుంది.

నాళం స్కాన్‌లో తెల్లగా కనబడాలంటే అందులోకి మందు చేరాలి. పొట్ట కోయకుండా ఆ మందు ఎక్కించే పద్ధతుల్లో మోకాలి వెనుక ఉండే పాప్లిటియల్ అనే శోషరస గ్రంథిలోకి ఇంజెక్షన్ ఒకటి. పిల్లికి మత్తిచ్చి, ఛాతీలో ద్రవం ఖాళీ చేశాక, అల్ట్రాసౌండ్ చూస్తూ 25 లేదా 27 గేజ్ సన్నటి సూదిని గ్రంథి మధ్యలోకి పంపాలి. అయోహెక్సాల్ లాంటి నీటిలో కరిగే అయోడిన్ మందు కిలో బరువుకు సుమారు 1 మి.లీ. చొప్పున, కొన్ని నిమిషాల పాటు నిదానంగా ఎక్కించాలి. తొందరపడితే గ్రంథి పొర చిట్లి మందు పక్కకు కారుతుంది. ఇంకో పొరపాటూ తరచుగా జరుగుతుంది. పిల్లిలో ఈ గ్రంథి చిన్నది, చుట్టూ కొవ్వు. ఆ కొవ్వు ముద్దనే గ్రంథి అనుకుని గుచ్చితే స్కాన్‌లో నాళం బదులు చర్మం కింద ఒక తెల్లటి మబ్బు కనబడుతుంది. సూది చోటు సరైనదైతే గ్రంథి కళ్లముందే ఉబ్బుతుంది. అలా ఉబ్బకపోతే ఆపి, సూది సరిచేసుకోవాలి. మందు ఎక్కుతుండగా కాలిని కింది నుంచి పైకి మెల్లగా నిమరాలి. ఎక్కించిన వెంటనే ఒకసారి, మరో 5, 10 నిమిషాలకు మళ్లీ స్కాన్ తీయాలి. నీటి మందు త్వరగా సిరల్లోకి వెళ్లిపోతుంది కాబట్టి ఆలస్యమైతే ఆ అవకాశం పోయినట్టే. నూనె మందు ఎక్కువసేపు నిలుస్తుంది, కానీ ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది. దీనితో కుదరకపోతే పేగుల దగ్గరి గ్రంథిలోకి అల్ట్రాసౌండ్ సాయంతో ఎక్కించవచ్చు.

ఆపరేషన్ బల్ల మీద నాళం కంటికి కనబడాలని మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు వాడే అలవాటు గురించి గట్టిగానే చెప్పాలి. పిల్లి హిమోగ్లోబిన్‌లో ఆక్సీకరణకు లోనయ్యే సల్ఫహైడ్రిల్ గుంపులు 8, కుక్కలో 4. అందుకే ఈ రంగు పిల్లి ఎర్రకణాల్లో హైంజ్ బాడీలు (పాడైన హిమోగ్లోబిన్ ముద్దలు) పుట్టించి రక్తహీనత తెస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉన్నచోట ఇండోసయనిన్ గ్రీన్ అనే మరో రంగు ఈ పని చేస్తుంది, ఆ ముప్పు లేకుండా.

అసలు ఎక్కువగా వదిలేసేది రెండో స్కాన్. ముడి వేశాక మళ్లీ మందు ఎక్కించి చూడాలి. ముడి దాటి ముందుకు తెల్లటి గీత ఏదీ కనబడకూడదు. కనబడితే ఇంకో పాయ మిగిలిందన్నమాట. దాన్ని వెతికి కట్టాల్సింది ఆ మత్తులోనే. మూడు వారాల తర్వాత పిల్లి మళ్లీ నోరు తెరిచి ఊపిరి తీస్తున్నప్పుడు కాదు.