మన క్రీడాకారుల తరఫున మాట్లాడేవాళ్లేరీ?

సంపాదకులకు నమస్కారం.

కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం గెలిచింది. కొన్నాళ్లకే అది రజతమైంది. మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా లిఫ్టర్ డోపింగ్ (నిషేధిత మందుల) పరీక్షలో దొరికిపోవడంతో వెనకున్నవాళ్లంతా ఒక్కో మెట్టు పైకి వచ్చారు. విజయనగరం జిల్లా సంబరపడింది, పడాల్సిందే. కానీ పతకం పోగొట్టుకున్న ఆ నైజీరియా పిల్లకి అప్పటికి 16 ఏళ్లు. అలా డోపింగ్‌లో దొరికారంటూ ఓ నోటీసు రేపు నెల్లిమర్ల వైపో ఆమదాలవలస వైపో ఓ ఇంటికి వస్తే, చదివి అర్థం చెప్పేవాళ్లు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎంతమంది ఉన్నారు?

డోపింగ్ నిబంధన చాలా కఠినం. ఒంట్లో నిషేధించిన పదార్థం కనబడితే చాలు, అది ఎలా వచ్చిందో చెప్పుకోవాల్సిన బరువు క్రీడాకారుల మీదే పడుతుంది. జిమ్ పక్క షాపులో కొన్న ప్రొటీన్ డబ్బా కావచ్చు, జలుబుకి మెడికల్ షాపువాడు ఇచ్చిన మాత్ర కావచ్చు. బి శాంపిల్ (అదే నమూనాలో విడిగా దాచిన రెండో భాగం) పరీక్ష అడగాలా, విచారణ కోరాలా, ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందా అన్నవన్నీ కొద్ది రోజుల్లోనే తేల్చుకోవాలి. స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో ఉన్న అంతర్జాతీయ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి అప్పీలు చేసుకోవడానికి మామూలుగా 21 రోజులే గడువు. మన దగ్గర ఆ ఇంగ్లీషు కాయితం ట్యూషన్ మాస్టారి దగ్గరికి వెళ్లి తిరిగొచ్చేసరికే వారం గడిచిపోతుంది.

1984లో మొదలైన ఆ న్యాయస్థానం పేరు మనవాళ్లలో చాలామంది విన్నది 2024 పారిస్ ఒలింపిక్స్ అప్పుడు, 100 గ్రాముల బరువు ఎక్కువై రెజ్లర్ వినేశ్ ఫోగట్ అనర్హురాలైనప్పుడు. ఆమె అప్పీలు నిలవలేదు. మన పక్క ఒడిశా పరుగుల అమ్మాయి ద్యుతీ చంద్ మాత్రం గెలిచింది. సహజంగానే ఒంట్లో ఎక్కువగా ఉన్న మగ హార్మోన్ల పేరుతో 2014లో ఆమెను పక్కన పెడితే, 2015లో అదే న్యాయస్థానం ఆ నిబంధన అమలునే ఆపేసింది. ఆమె తరఫున కెనడా లాయర్లు ఫీజు తీసుకోకుండా వాదించారు. వాళ్లే లేకపోతే ఆమె పరుగు 2014లోనే ఆగిపోయేదేమో.

ఈ న్యాయస్థానంలో మధ్యవర్తిగా కూర్చోవాలంటే న్యాయశాస్త్రం ఒక్కటే చాలదు, క్రీడల గురించి మంచి అవగాహన కూడా ఉండాలి. అందుకే ఆడినవాళ్లు చట్టం చదువుకుంటే వాళ్ల విలువ వేరు. దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ తెరచాప పడవల పందెం, అదే సెయిలింగ్. చాలా రేసుల్లో ఈల ఊదే రిఫరీ పక్కన ఉండడు. కుడివైపు నుంచి గాలి అందుకున్న పడవకి, ఎడమవైపు నుంచి అందుకున్న పడవ దారివ్వాలి. ఇవ్వకపోతే అవతలివాడు అక్కడికక్కడే ‘ప్రొటెస్ట్’ అని అరవాలి, ఒడ్డుకొచ్చాక రాసివ్వాలి, సాక్షిని తెచ్చుకుని కమిటీ ముందు తన వాదన తనే చెప్పుకోవాలి. పదేళ్లు పడవ నడిపితే ఎవరైనా సగం లాయర్ అయిపోతారు! 2004 నుంచి 2012 దాకా అంతర్జాతీయ సెయిలింగ్ సమాఖ్యకి అధ్యక్షుడిగా ఉన్న గోరన్ పీటర్సన్ వృత్తి కూడా వకాల్తే, ఆయనది స్వీడన్.

1988 సియోల్ ఒలింపిక్స్‌లో కెనడా సెయిలర్ లారెన్స్ లెమ్యూ తన రేసులో రెండో స్థానంలో ఉండగా, పెద్ద గాలికి పడవ తిరగబడి నీళ్లలో పడ్డ సింగపూర్ ఆటగాళ్లని చూసి అటు తిప్పాడు. వాళ్లని కాపాడేసరికి చాలా వెనకబడ్డాడు. జ్యూరీ ఆ రేసులో అతనికి రెండో స్థానమే ఇచ్చింది. ఆపదలో ఉన్నవాళ్లకి సాయపడటం సెయిలింగ్ రూల్ బుక్‌లో మొట్టమొదటి నిబంధన. కళింగపట్నం, భావనపాడు, బారువ మత్స్యకారులకి అది ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంత తీరం ఉండి మన పిల్లలకి సెయిలింగ్ ఎందుకు లేదో, సముద్రమే లేని భోపాల్‌లో శిక్షణ పొందిన నేహా ఠాకూర్ 2023 ఆసియా క్రీడల్లో రజతం ఎలా తెచ్చిందో ఇంకో ఉత్తరంలో రాస్తాను.

“ముందు మంచి బార్‌బెల్ ఇవ్వండి, లాయర్ సంగతి తర్వాత చూద్దాం” అని కోచ్‌లు అంటారు. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకీ, పిల్లలకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. మన లిఫ్టర్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. హక్కు ఎప్పటినుంచో ఉంది, క్రీడా చట్టం తెలిసిన వకీలే లేరు. పైగా 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం క్రీడా తగాదాల కోసం ప్రత్యేక ట్రిబ్యునల్‌ని తెచ్చింది. దాని పరిధిలోకి వచ్చేవాటిని ఇక మన సివిల్ కోర్టుల్లో వేసుకోవడం కుదరదు.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లా న్యాయసేవాధికార సంస్థలు తమ ప్యానెల్‌లో ఒక్కో న్యాయవాదికైనా ఈ విషయంలో శిక్షణ ఇప్పించాలి. ఒకప్పుడు ఆడినవాళ్లు అయితే మరీ మంచిది. శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలోనూ, కొండవెలగాడ జిమ్‌లోనూ పిల్లల్ని, తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి నిషేధిత మందుల గురించి, అప్పీలు గడువుల గురించి తెలుగులో చెప్పాలి. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100 నంబరు గోడ మీద రాయించాలి. ఆగస్టు 29 క్రీడా దినోత్సవానికి కొనే శాలువాల్లో కొన్ని తగ్గించుకుంటే ఆ పెయింటు ఖర్చు వచ్చేస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
విజయనగరం