లీగల్ క్లినిక్ అడిషనల్ ఛార్జి పని కాదు

సంపాదకులకు నమస్కారం.

నేను ఒక యూనివర్సిటీ లా కాలేజీలో పాఠాలు చెబుతాను. కొన్నేళ్లుగా కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్ (ఉచిత న్యాయ సహాయ కేంద్రం) బాధ్యత కూడా నాదే. మా సాయం తీసుకునేవాళ్లలో ఎక్కువమంది ఏజెన్సీ గిరిజనులు. వాళ్లు కాలేజీకి రారు, మేమే వెళ్తాం. వారపు సంత పక్కన ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. ఒక రోజు కూలి పోగొట్టుకుని కాగితాల కోసం కొండ దిగమని ఎవరినీ అడగలేం కదా, అందుకే సంత రోజు.

వచ్చే జూన్‌లో నా రిటైర్మెంట్. నా తర్వాత క్లినిక్ ఎవరు చూస్తారని అడిగితే, ఎవరో ఒకరికి అడిషనల్ ఛార్జి ఇస్తామన్నారు. ఆ జవాబు విన్న రోజు నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను.

నిరుడు ఒక సంతలో ఒక ముసలావిడ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవర్, దాంట్లో మడతలు పడి నలిగిన కాగితాలు. పోడు భూమి పట్టా కోసం అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తును డివిజన్ స్థాయి కమిటీ తిరస్కరించింది. కారణం ఒక్క ముక్కలో రాశారు, ఆధారాలు లేవని. ఆ కాగితం ఇచ్చినవాళ్లెవరూ ఆమెకు చదివి వినిపించలేదు. తేదీ చూస్తే 49 రోజులు గడిచిపోయాయి. జిల్లా కమిటీకి అర్జీ పెట్టుకోవడానికి గడువు 60 రోజులు.

మా ఫైనలియర్ కుర్రాడు "మామ్మా, ఆ భూమి ఎప్పటి నుంచి చేస్తున్నారు?" అని అడిగాడు. మనవరాలు ఆ ప్రశ్నను కోయ భాషలో ఆమెకు చెప్పింది. ముసలావిడ చేతులు తిప్పుతూ ఐదు నిమిషాలు మాట్లాడింది. మనవరాలు మా వైపు తిరిగి "ఎప్పటి నుంచో చేస్తున్నామంటోంది" అంది. కుర్రాడు అదే మాట రాసుకోబోతుంటే ఆపాను. ఐదు నిమిషాల మాట ఒక్క ముక్కకు కుదించుకుపోతే, మిగిలిందంతా ఎక్కడికి పోయినట్టు? మళ్లీ అడిగించాం, ఈసారి నెమ్మదిగా. మామగారు నాటిన చింతచెట్టు, వాగు నీళ్లకు కొట్టుకుపోకుండా పేర్చిన రాళ్ల గట్టు, పెద్ద కొడుకు పుట్టిన ఏడాది కాలిపోయిన పాక, అన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. చట్టం కింద చేసిన రూల్స్ చూస్తే ఇవన్నీ ఆధారాలే. పాకలు, గట్లు, చదును చేసిన నేల లెక్కలోకి వస్తాయి. ఊరి పెద్దలు చెప్పింది రాతలో పెడితే అదీ చెల్లుతుంది. ఆమె దగ్గర ఆధారాలు లేకపోవడం కాదు, ఎవరూ ఆమెను సరిగా అడగలేదు.

మిగిలిన 11 రోజుల్లోనే కుర్రాడికి ఇంటర్నల్ పరీక్షలు. అయినా ఊరికి వెళ్లి గట్టు కొలిచి, ఇద్దరు పెద్దల మాట రాసుకుని, వాళ్లకు చదివి వినిపించి, వేలిముద్రలు వేయించుకొచ్చాడు. నేను రెండు రోజులు క్లాసులు మానుకుని వెంట వెళ్లాను, వాటిని ఆదివారాలు చెప్పి పూర్తి చేశాను. అర్జీ గడువులోపు చేరింది. ఇంతా చేస్తే ఆ రెండు రోజులూ నా వర్క్‌లోడ్‌లో ఎక్కడా కనపడవు, ఎందుకంటే క్లినిక్ పనిని బోధన కింద లెక్కించరు. నాకు తెలిసి ఆ సెమిస్టర్‌లో ఆ కుర్రాడు అంతకంటే ఎక్కువ లా ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు.

చట్టంలో లోటేమీ లేదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. ప్రతి లా కాలేజీలో సీనియర్ అధ్యాపకుల పర్యవేక్షణలో ఫైనలియర్ విద్యార్థులు లీగల్ ఎయిడ్ క్లినిక్ నడపాలని బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు చెబుతున్నాయి. క్లినిక్‌ల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) 2011లో ప్రత్యేకంగా రెగ్యులేషన్స్ తెచ్చింది. కానీ ఆ పర్యవేక్షణ మిగతా పనులన్నీ అయ్యాక చూసుకునే పనిగా మారిపోయింది. ఏడాదికి ఒక అవగాహన సదస్సు, ఒక బ్యానర్, గిరిజనులను వరుసగా నిలబెట్టి ఒక ఫొటో. ఆ ఫొటోలు చూస్తే నాకు సిగ్గేస్తుంది.

భూబదలాయింపు కేసుల సంగతి ఇంకా కష్టం. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా అడ్డుకునే 1/70 చట్టం గురించి పరీక్షలో రాయని లా విద్యార్థి మన దగ్గర ఉండడు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా భావిస్తుంది, కాదని నిరూపించుకోవాల్సింది అతనే. ఏజెన్సీ భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదన్న 1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పు కూడా మన పిల్లలకు కంఠతా వచ్చు. కానీ ఈ కేసులు విచారించే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ముందు నిలబడి వాదించడానికి విద్యార్థికి అర్హత లేదు. ఫుల్‌టైమ్ జీతం తీసుకునే అధ్యాపకులు ప్రాక్టీసు చేయకూడదు. కాబట్టి న్యాయ సేవాధికార సంస్థ జాబితాలో ఉండే ప్యానెల్ లాయరుకు ఫైలు అప్పగించాలి, వాయిదా వాయిదాకూ ఏం జరిగిందో కనుక్కోవాలి, ఆ సంగతి ఊరికి చేర్చాలి. కేసు ఏళ్లకేళ్లు నడుస్తుంది, విద్యార్థుల బ్యాచ్ ఏడాదిలో వెళ్లిపోతుంది. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పమంటే, మూడోసారికి ఆ మనిషి మన బల్ల దగ్గరికి రాడు. క్లినిక్‌ను నడిపేవాళ్లు మారకుండా ఉండాల్సింది ఇందుకే.

యూనివర్సిటీలను, రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థలను నేను కోరేది పెద్దదేమీ కాదు. క్లినిక్‌కు పూర్తికాలపు బాధ్యులను వేయండి, అక్కడ పెట్టిన గంటలను బోధన గంటలుగా లెక్కించండి. కోయ, కువి, సవర మాట్లాడే గిరిజన యువతను దుబాసీలుగా తీసుకుని, చేసిన పనికి డబ్బు ఇవ్వండి. పదమూడేళ్ల మనవరాలి మీద అంత భారం వేయడం తప్పు, ఆ రోజు నేనూ ఆ తప్పు చేశాను. ఏ ఊరికి ముందు వెళ్లాలో, ఏ సమస్య ముందు చూడాలో గ్రామసభను అడిగి తేల్చుకోండి. సెమినార్ పేపరుకు పనికొచ్చే కేసు ఏదని వెతుక్కునే అలవాటు మాత్రం వద్దు.

ఆ ముసలావిడ అర్జీ ఇంకా జిల్లా కమిటీ దగ్గరే ఉంది. సంతకు వచ్చిన ప్రతిసారీ బల్ల దగ్గర ఆగి "కాగితం వచ్చిందా?" అని అడిగి వెళ్తుంది. జూలై నుంచి ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారో ఇప్పుడే తేల్చండి. వాళ్లెవరో చెబితే వచ్చే సంతకే నాతో పాటు తీసుకెళ్లి ఆమెకు పరిచయం చేస్తాను.

— ఒక న్యాయశాస్త్ర అధ్యాపకురాలు