మీ కొత్త క్లబ్బుకి భుజాలు కావాలి బావా

అంబాజీపేట,
సంక్రాంతి వెళ్ళిన వారం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాద్దామనుకున్నాను గానీ పండగ, ఇంటినిండా చుట్టాలు, తీర్థానికి దేవుణ్ణి మోసుకెళ్ళే వెదురు ప్రభ కట్టే పని ఒకదాని వెంట ఒకటి మీదపడ్డాయి. ఇక్కడ అందరం కులాసా. అమ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది, నిన్ను అడిగానని రాయమంది. మీ చెల్లెమ్మ ఈసారి అరిసెలు పాకం చెడకుండా దింపింది. నువ్వుంటే డబ్బా ఖాళీ చేసేవాడివని పిల్లలు అనుకుంటున్నారు.

ఇక నువ్వడిగిన సంగతి. 2027లో మీ పెర్త్ బేర్స్ ఆస్ట్రేలియా పెద్ద రగ్బీ లీగ్ పోటీ ఎన్‌ఆర్‌ఎల్‌లోకి అడుగుపెడుతోంది, నువ్వు మెంబర్‌షిప్ కట్టావు, పదిమందిని పోగేసి అభిమానుల గుంపు కడుతున్నావు. చాలా సంతోషం. కానీ ఆ ఊరికి ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాలే ప్రాణం, వెస్ట్ కోస్ట్ ఈగిల్స్, ఫ్రీమాంటిల్ డాకర్స్ అంటేనే జనం కదులుతారు, వీళ్ళ చేత రగ్బీ లీగ్ గ్రౌండులో గొంతెత్తించడం ఎలారా అని రాశావు. అది చదివిన దగ్గర్నుంచి నాకు వేరే ధ్యాస లేదు. కనుమ నాడు ప్రభలతీర్థానికి జగ్గన్నతోటలో నిలబడి కూడా మీ స్టేడియం గురించే ఆలోచించాను.

నాకు తోచింది ముందే చెప్పేస్తాను. వచ్చిన ప్రతివాడికీ మోయడానికి ఏదో ఒకటి ఇవ్వండి. చూసి పోదామని వచ్చినవాడు జట్టు రెండు మ్యాచ్‌లు ఓడితే మూడోదానికి రాడు. మోసేవాడు మాత్రం వస్తాడు. తను రాకపోతే ఆ బరువు పక్కవాడి మీద పడుతుందని వాడికి తెలుసు.

ప్రభ నువ్వూ మోసినవాడివే, నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా ఒక్కసారి క్లబ్బు కట్టేవాడి కళ్ళతో చూడు. జగ్గన్నతోటలో గుడి లేదు, ఉన్నది కొబ్బరితోట. ఏడాదికి ఒక్కరోజు పదకొండు ఊళ్ళ రుద్రులు అక్కడ కలుస్తారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, ముక్కామల, ఏ ఊరి ప్రభ ఆ ఊరిదే. వెదురు చీల్చేదీ, కట్టు బిగించేదీ, రంగు గుడ్డలతో సింగారించేదీ ఊళ్ళోవాళ్ళే. పిల్లలు దారాలందిస్తారు. పెద్దవాళ్ళు వంగి ముళ్ళు సరిచూస్తారు. హైదరాబాదులో ఏసీ గదుల్లో కూర్చునే కుర్రాళ్ళు సెలవు పెట్టుకుని వచ్చి భుజం పడతారు. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు కౌశిక కాలవ దాటేటప్పుడు గట్ల మీద జనం ‘అశ్శరభ శరభ’ అని అరుస్తారు చూడు, ఆ అరుపు ఎవరూ మైకులో అడిగి తెప్పించింది కాదు. నీళ్ళలో ఉన్నవాడి కాలు జారకూడదని గుండెల్లోంచి వచ్చేది. వరిచేలోంచి ప్రభ వెళ్తే పంట నలిగినా ఆ రైతు బాధపడడు, దేవుడు తన చేలో అడుగుపెట్టాడని మురిసిపోతాడు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటంగా ప్రభలతీర్థమే ఢిల్లీ వెళ్ళింది, అందరం గర్వంగా చూశాం. కానీ గట్టు మీద నిలబడ్డవాడికి ఒళ్ళు జలదరించినట్టు శకటం చూస్తే జలదరించదు. అక్కడ మోసేవాళ్ళు లేరు కదా.

నువ్వు చెప్పాక రగ్బీ లీగ్ చరిత్ర కొంత తిరగేశాను. ఈ ఆట పుట్టుకలోనే నేను చెప్పేది ఉంది. 1895 ఆగస్టు 29న ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్ జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులవాళ్ళు కూర్చుని పాత రగ్బీ యూనియన్ నుంచి విడిపోయారు. కారణం కూలి డబ్బులు. శనివారం ఆటకి వెళ్ళిన గని కార్మికుడికి, మిల్లు కార్మికుడికి పోయిన కూలి ఇద్దామని వీళ్ళన్నారు, యూనియన్ పెద్దలు కుదరదన్నారు. ఆడేవాడూ చూసేవాడూ ఒకే వీధివాళ్ళు. హల్ నగరమే చూడు. మధ్యలో హల్ నది, తూర్పు ఒడ్డు హల్ కేఆర్‌ది, పడమటి ఒడ్డు హల్ ఎఫ్‌సీది. తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి అంటూ పెరిగిన మనకి ఆ పంతం ఎవరో విడమర్చి చెప్పాలా? ఆ తూర్పువాళ్ళు 1985 తర్వాత ఒక్క పెద్ద కప్పూ లేకుండా నలభై ఏళ్ళు స్టాండుల్లో నిలబడ్డారు. 2025లో ఛాలెంజ్ కప్పు, లీగ్ పట్టికలో మొదటి స్థానం, గ్రాండ్ ఫైనల్, మూడూ ఒకే ఏడాది కొట్టారు. ఆ రాత్రి వీడియోల్లో ముసలివాళ్ళు ఏడుస్తుంటే నాకూ కళ్ళు తడిశాయి.

మీ దేశంలోనే సౌత్ సిడ్నీ కథ ఉంది. 1908లో లీగుతో పాటే పుట్టిన క్లబ్బు. జట్లు తగ్గించాలని 1999 సీజన్ అయ్యాక బయటికి నెట్టేశారు. మరుసటి ఏడాది సిడ్నీ వీధుల్లో దాదాపు 80,000 మంది ఆ క్లబ్బు కోసం నడిచారు. కోర్టుల చుట్టూ తిరిగారు. 2002లో క్లబ్బు మళ్ళీ లీగులో ఆడింది, 2014లో టైటిల్ కూడా కొట్టింది. దీనికి పక్కనే టొరంటో వుల్ఫ్‌ప్యాక్‌ని పెట్టి చూడు. 2017లో కెనడాలో మొదలై ఇంగ్లండు కింది లీగుల్లో ఆడారు. మొదటి హోం మ్యాచ్‌కే 6,000 మంది దాటారు. గ్రౌండులోనే బీరు, తిండి, పాటలు, అంతా పండగ. 2020కి అక్కడి అన్నిటికంటే పై లీగు, సూపర్ లీగ్‌లోకి ఎక్కారు. కోవిడ్ వచ్చి డబ్బు ఆగిపోయేసరికి అదే ఏడాది సీజన్ మధ్యలో తప్పుకున్నారు. అక్కడి జనం ప్రేమలో లోటేమీ లేదు. కానీ క్లబ్బు బరువు వాళ్ళ భుజాల మీద ఎప్పుడూ పడలేదు, పైవాళ్ళ చేతులు తీసేయగానే కిందపడింది.

హంగు వద్దని నేననను. 1996లో సూపర్ లీగ్ మొదలై ఆట చలికాలం నుంచి ఎండాకాలానికి మారినప్పుడు బ్రాడ్‌ఫర్డ్ నార్తర్న్ కాస్తా బ్రాడ్‌ఫర్డ్ బుల్స్ అయింది. ఎద్దు వేషం, పాటలు, పిల్లలకి ఆటలు పెట్టారు, కుటుంబాలు కుటుంబాలే కదిలొచ్చాయి. ఆ జనమే 2012లో క్లబ్బు అప్పుల్లో మునిగినప్పుడు చందాలేసుకున్నారు. అంటే హంగు చూసి వచ్చినవాడు కూడా మోసేవాడుగా మారతాడు. మారడానికి వాడికి ఒక దారి చూపించాలి.

మీ పెర్త్ విషయానికొస్తే, మీరు ఖాళీ నేల మీద మొదలుపెట్టడం లేదు. 1995 నుంచి 1997 దాకా వెస్టర్న్ రెడ్స్ మీ ఊళ్ళోనే ఆడారు, ఆ ఎర్ర జెర్సీలు ఇప్పటికీ ఎవరి బీరువాల్లోనో ఉంటాయి. మీకు బేర్స్ అన్న పేరిచ్చిన నార్త్ సిడ్నీ బేర్స్ కూడా 1908 నాటి క్లబ్బే, 1999తో పెద్ద లీగు నుంచి పోయింది. ఆ ఎరుపు నలుపు రంగుల కోసం పాతికేళ్ళకి పైగా ఎదురుచూసినవాళ్ళు ఖండానికి అటు చివర సిడ్నీలో ఉన్నారు. వీళ్ళని మీరు చుట్టాల్లా చూడాలి. పేరు మా దగ్గర్నుంచి ఎత్తుకుపోయారని వాళ్ళకి అనిపించకూడదు, ముసలివాళ్ళ క్లబ్బు మా నెత్తిన పెట్టారని పెర్త్ పిల్లలకీ అనిపించకూడదు. వాళ్ళలో పెద్దవాళ్ళని నలుగురిని పిలిచి మొదటి మ్యాచ్ రోజున పిల్లల చేతికి జెండాలు ఇప్పించండి. ఇంకొకటి, మీ ఊళ్ళో ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు బోలెడుమంది. వాళ్ళలో విగన్‌వాళ్ళు, లీడ్స్‌వాళ్ళు ఉండకపోరు. న్యూజిలాండ్‌వాళ్ళు, సమోవావాళ్ళు ఉన్నారు. వీళ్ళకి ఈ ఆట తల్లిపాలతో వచ్చింది. ఒక్కో వర్గానికి, ఒక్కో పేటకి, ఒక్కో చిన్న లోకల్ క్లబ్బుకి సొంత జెండా ఉండాలి. వాళ్ళే కుట్టుకోవాలి, వాళ్ళే మోసుకుంటూ రావాలి. మ్యాచ్ రోజు తలా ఒక వైపు నుంచి నడిచి వచ్చి గేటు దగ్గర కలవండి. క్లబ్బువాళ్ళు అచ్చేసి సీటు మీద పెట్టిన వెయ్యి జెండాల కంటే ఇంట్లో అమ్మ కుట్టిన పదకొండు జెండాలు నయం.

పాటలూ నినాదాలూ ఎక్కడినుంచి తెద్దామని అడిగావు. కాన్‌బెర్రా రైడర్స్‌వాళ్ళు 2016 నుంచి వైకింగ్ చప్పట్లు కొడుతున్నారు కదా, బూర ఊదగానే స్టేడియమంతా రెండు చేతులూ పైకెత్తి ఒకేసారి కొట్టడం. అది ఐస్‌లాండ్ ఫుట్‌బాల్ అభిమానుల దగ్గర్నుంచి తెచ్చుకున్నదే. వాళ్ళ గుర్తు వైకింగ్ కాబట్టి అతికింది. మీది ఎలుగుబంటి, మీకు అది వద్దు. నా సలహా ఒకటి విను. బంతి పట్టుకున్నవాణ్ణి అవతలివాళ్ళు పట్టి ఆపడమే ట్యాకిల్, ఒక జట్టుకి ఆరు ట్యాకిళ్ళ వరకే బంతి ఉంటుంది కదా. అవతలివాళ్ళు మీ గీత మీదికి వచ్చి పడుతున్నప్పుడు స్టాండంతా కలిసి ట్యాకిళ్ళు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు… లెక్క పెరిగేకొద్దీ గొంతు పెంచండి. ఆరోది పడగానే స్టేడియం పైకప్పు ఎగిరిపోవాలి. ఆట తెలియని ఫుట్‌బాల్ అభిమాని కూడా రెండు మ్యాచ్‌లకల్లా నియమం నేర్చేసుకుంటాడు. పైగా గీత దగ్గర ఆయాసపడుతున్న పదమూడు మందికి, ఇంకొక్కటి ఆపితే చాలని జనం చెప్పినట్టవుతుంది. మనవాడు బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించి ట్రై కొట్టినప్పుడే మనం అరుస్తాం, అది ఎవరైనా అరుస్తారు. కాపాడుకునేటప్పుడు అరిచే జనమే ఆ జట్టుకి అసలు బలం. అలాగే 40/20 కిక్కు. మన నలభై మీటర్ల గీత లోపలనుంచి తన్నిన బంతి నేలని తాకి అవతలివాళ్ళ ఇరవై మీటర్ల లోపల పక్క గీత దాటితే మళ్ళీ బంతి మనదే. చూడ్డానికి ఒట్టి తన్ను, విలువ తెలిసినవాడే లేచి నిలబడతాడు. అలా ముందు లేచేవాళ్ళు ప్రతి వరసలో ఇద్దరుంటే చాలు, మిగతావాళ్ళు ఎందుకని అడిగి నేర్చుకుంటారు.

స్పీకర్ల విషయంలో మాత్రం క్లబ్బువాళ్ళతో గట్టిగా మాట్లాడండి. ఈ పండక్కి మన పక్క ఊళ్ళో కబడ్డీ పోటీలు పెట్టి, నిర్వాహకులు డీజే బాక్సులు తెచ్చి కోర్టుకి ఆనించి పెట్టారు. కూతకి వెళ్ళినవాడి కూత రిఫరీకే వినపడలేదు. జనం చేతులు కట్టుకుని నిలబడ్డారు. రెండోరోజు పెద్దాయన ఒకరు, ‘అది ఆపండి బాబూ, మా కుర్రాడి ఊపిరి మాకు వినపడాలి’ అన్నారు. ఆపేశారు. ఆ సాయంత్రం అరుపులకి కాలవ అవతల నుంచి కూడా మనుషులు వచ్చారు. మ్యాచ్‌కి ముందు, హాఫ్‌టైమ్‌లో పాటలు ఎన్నయినా పెట్టుకోమను. బంతి ఆటలో ఉన్నప్పుడు, గోల్ కిక్కుకి సిద్ధమవుతున్నప్పుడు ఆ జాగా జనానిది.

మన తెలుగువాళ్ళం డప్పులు తీసుకెళ్ళొచ్చా అన్నావు. తప్పకుండా తీసుకెళ్ళండి, స్టేడియంవాళ్ళని ముందే అడగండి. కానీ ఒక వారం మనవాళ్ళు ప్రదర్శన ఇచ్చి ఫోటోలు దిగి వచ్చేయడం వద్దు. గోలుపోస్టుల వెనక నిలబడే చోట సమోవావాళ్ళ డోలు పక్కన మీ డప్పు పెట్టండి, ప్రతి మ్యాచ్‌కీ వెళ్ళండి, వాళ్ళ దరువు మీరు, మీ దరువు వాళ్ళు నేర్చుకోండి. చంటిపిల్లలున్నవాళ్ళ కోసం ఈ మోతకి దూరంగా స్టాండు ఒకటి వదలండి. ఆ నేల అక్కడి ఆదివాసులైన నూంగార్ జనానిది కాబట్టి మొదటి మాట వాళ్ళది కావాలి. ఏది ఎలా చేస్తే బాగుంటుందో వాళ్ళే నిర్ణయించాలి, మీరు వెనక నిలబడండి.

దూరం మీకు పెద్ద సమస్య. సిడ్నీ నుంచి విమానంలో అయిదు గంటలు, అవతలి జట్టు అభిమానులు బస్సులేసుకుని వచ్చేది కాదు. ఎదుటి పక్షం లేకపోతే పంతం ఎక్కడిది? అందుకే మీ ఊళ్ళోనే ఉంటున్న ఇతర జట్ల అభిమానులని వెతకండి. వాళ్ళ జెర్సీలతోనే రమ్మనండి, ఒక మూల వాళ్ళకి ఇచ్చి బాగా కవ్వించుకోండి. మ్యాచ్ అయ్యాక కలిసి తినండి. వాళ్ళ పిల్లలు పదేళ్ళలో ఎరుపు నలుపు వేసుకుంటారు, చూస్తూ ఉండు.

ఓటముల గురించి కూడా ఇప్పటినుంచే గుండె రాయి చేసుకో. మీ లీగులోనే కొత్తగా వచ్చిన డాల్ఫిన్స్ 2023లో మొదటి మ్యాచే గెలిచారు, మెల్‌బోర్న్ స్టార్మ్ రెండో ఏడాదికే 1999లో టైటిల్ కొట్టింది. అందరికీ అలా జరగదు. ఫ్రాన్సు నుంచి కాటలాన్స్ డ్రాగన్స్ 2006లో సూపర్ లీగ్‌లోకి వచ్చి ఆ ఏడాది అట్టడుగున నిలిచింది. వాళ్ళ ఊరు పెర్పిన్యాన్‌లో జనం ఆ ఎరుపు పసుపు రంగులని వదల్లేదు. మరుసటి ఏడాదే ఛాలెంజ్ కప్ ఫైనల్‌కి వెళ్ళారు, 2018లో ఆ కప్పు తెచ్చుకున్నారు. మీరు చేసే పనుల్లో గెలిస్తేనే చేసేది ఏదీ పెట్టుకోకండి. జెండాల నడక, లెక్క, మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ళు కంచె దగ్గరికి వచ్చి పిల్లల చేతులు తాకడం, ఇవన్నీ నలభై పాయింట్లతో ఓడిన రోజున కూడా జరగాలి. ఆ రోజున మరీ ముఖ్యంగా జరగాలి. ఆ సంగతి క్లబ్బువాళ్ళ చేత ముందే మాట తీసుకో.

మీ ఊరు మనకంటే రెండున్నర గంటలు ముందు కదా, సాయంత్రం మ్యాచ్ అయితే మాకు మధ్యాహ్నం భోజనాలవేళ దాటాక వస్తుంది. మన అరుగు మీద టీవీ పెట్టిస్తాను. మన కబడ్డీ కుర్రాళ్ళకి ట్యాకిళ్ళ లెక్క ఇప్పటినుంచే నేర్పిస్తున్నాను, వాళ్ళకి ఆట భలే నచ్చింది. నిలబడే స్టాండు మీకిస్తారో లేదో తేలగానే రాయి. జెండాకి కొలతలు, కర్ర పొడవు ఎంతవరకు ఒప్పుకుంటారో కూడా రాయి. మీ చెల్లెమ్మ ఎరుపు నలుపు గుడ్డ తెప్పించింది, మన ఊరి తరఫున ఒకటి కుడతానంటోంది. కొలత తెలియక కత్తెర పెట్టలేదు.

అక్కకీ పిల్లలకీ మా అందరి దీవెనలు చెప్పు.

ఉంటాను,
నీ బావ