బోటు వంటకి కొత్త స్టవ్వు: సాయం చేసిన అందరికీ దండాలు

మా సోనా బోటులో వంటకి ఏ స్టవ్వు కొనాలో చెప్పమని చేపల వేట నిషేధం మొదలైన కొత్తలో అందరినీ అడిగాను. ఇంతమంది స్పందిస్తారని అనుకోలేదు. కొందరు ఫోన్ చేశారు, కొందరు హార్బర్‌కి వచ్చి బోటెక్కి చూసి మరీ చెప్పారు. ఒక పెద్దాయన కొలతలు గీసిన కాగితం ఇంటికే పంపించారు. జూన్ 14తో నిషేధం ముగుస్తుంది, ఈలోపే పనంతా అయిపోయింది. పేర్లు రాయొద్దని ఇద్దరు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరు ఏం చెప్పారో, అందులో మేం ఏది తీసుకున్నామో మాత్రం రాస్తున్నాను. స్టవ్వు మార్చాలనుకునే మరో బోటువాళ్లకి పనికొస్తుంది.

తెలియనివాళ్ల కోసం: విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సోనా అంటే సుమారు 13 మీటర్ల మరబోటు. వేటకెళ్తే పది పదిహేను రోజులు సముద్రం మీదే. మా బోటులో వంట జాగా కేబిన్ లోపల వెనక భాగంలో ఉంటుంది, అందులో ఒక మనిషి నిలబడితే రెండో మనిషికి చోటుండదు. రెండు పూటలా అన్నం, ఒక పులుసు, మధ్యలో లెక్కలేనన్ని సార్లు టీ. పాత స్టవ్వుని ఉప్పుగాలి తినేసింది, కాళ్లు ఊగిపోతున్నాయి. "ఇంట్లో ఉన్నలాంటిదే ఇంకోటి పట్టుకొస్తే సరిపోదా" అన్నారు నాన్న. చాలా బోట్లలో జరిగేది అదే.

మొదటి దండం మా వీధి తాతగారికి. మర్చంట్ నేవీలో ఇంజిన్ రూము పని చేసి రిటైరయ్యారు. నేను రెండు స్టవ్వుల ఫోటోలు చూపించి ఏది మంచిదంటే, ఆయన ఫోన్ పక్కన పెట్టేసి, "స్టవ్వు సంగతి తర్వాత తల్లీ, సిలిండర్ ఎక్కడ పెడుతున్నారు?" అని అడిగారు. కేబిన్ లోపలే, స్టవ్వు పక్కనే అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత చెప్పారు.

వంటగ్యాస్ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. ఇంట్లో లీకైతే గడప కిందనుంచో తలుపులోంచో కొంతైనా బయటికి పోతుంది. బోటుకి అడుగున గుమ్మం ఉండదు కదా. గ్యాసు నీళ్లలా కిందికి జారి ఇంజిన్ గదిలోకి, దాని కింద అడుగు భాగంలోకి చేరి అక్కడే ఉండిపోతుంది. గాలిలో 2 శాతం కలిస్తే చాలు, ఇంజిన్ స్టార్టరు దగ్గర ఒక నిప్పురవ్వకి అంటుకుంటుంది. గ్యాసుకి కలిపే ఆ ఘాటు వాసన మనల్ని హెచ్చరించడానికే, కానీ చేపల వాసనా డీజిలు వాసనా అలవాటైపోయిన ముక్కుకి అది ఎంతవరకు తెలుస్తుంది? పైగా గ్యాసు ఉండేది కాళ్ల కింద, ముక్కు ఉండేది పైన.

మన హార్బర్‌వాళ్లకి ఈ విషయం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 2023 నవంబరు 19 రాత్రి జెట్టీ దగ్గర పదుల కొద్దీ బోట్లు కాలిపోయినప్పుడు, బోట్లలోని డీజిలు, సిలిండర్లు ఆ మంటని ఎలా ఎగదోశాయో చూసినవాళ్లం.

అందుకే స్టవ్వు కంటే ముందు సిలిండర్ పెట్టె తయారైంది. కేబిన్ వెనక డెక్ మీద, ఇంజిన్ గదికి గాలి వెళ్లే కన్నానికి దూరంగా, మీద ఎండ పడకుండా చిన్న చూరు. పెట్టె అడుగున ఉన్న గొట్టం బోటు పక్కనుంచి సముద్రం వైపు దిగుతుంది. లీకైన గ్యాసు బయటికే పోవాలి, లోపలికి దారి ఉండకూడదు. సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే ఉండేలా రెండు పట్టీలు. పడుకోబెడితే రెగ్యులేటర్‌లోకి ఆవిరికి బదులు ద్రవమే వస్తుందని, అప్పుడు మంట అదుపులో ఉండదని తాతగారు మా కళాసీలని (బోటు మీద పనిచేసేవాళ్లని) అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. నారింజ రంగు సురక్షా హోసుని గోడలోంచి దూర్చనివ్వలేదు. గోడ దాటేచోట రాగి పైపు వేయించి, రెండు చివర్లా మాత్రమే హోసు పెట్టించారు. ఈ పైపు పని గ్యాస్ ఏజెన్సీ మెకానిక్ చేసి, సబ్బు నురగ పూసి చూపించి వెళ్లాడు. ఆయనకీ థ్యాంక్స్. ఆదివారం పూట వచ్చాడు పాపం.

ఇంకో విషయం కూడా తాతగారే చెప్పారు. 14.2 కిలోల ఎర్ర సిలిండర్ ఇంటి వాడకానికి మాత్రమే. బోటుకి 19 కిలోల కమర్షియల్‌దో, బయట దొరికే 5 కిలోలదో తీసుకోవాలి. ఎంతమంది పాటిస్తున్నారో అందరికీ తెలుసు, నేనేం అనను. మేం మాత్రం మార్చేశాం.

ఇక ఊగే స్టవ్వు గొడవ. దీని మీద రెండు వర్గాలయ్యాయి, మా ఇంట్లో కూడా. విదేశాల్లో తెరచాప పడవల్లో స్టవ్వుని రెండు పక్కలా ఇరుసుల మీద వేలాడదీస్తారు. పడవ ఒరిగినా స్టవ్వు మట్టంగానే ఉంటుంది. దాన్ని గింబల్ అంటారు. వీడియోలు చూసి నాకు భలే నచ్చేసింది. మా వెల్డర్ మావయ్య కూడా "చేసిపెడతా, ఎంత పని" అన్నారు. తాతగారు వద్దన్నారు. ఆయన వాదన ఇదీ: ఆ పడవల్లో స్టవ్వు కింద ఓవెన్ ఉంటుంది, అదే బరువుగా ఉండి కిందికి లాగుతుంది. మీద పెట్టేది ఇద్దరు ముగ్గురికి సరిపోయే చిన్న గిన్నె. మనది రెండు బర్నర్ల పల్చటి స్టవ్వు, మీద పెట్టేది బోటు మొత్తానికి అన్నం. ఇరుసు కంటే పైన బరువెక్కువైతే స్టవ్వు మట్టంగా ఉండదు సరికదా, మొదటి కెరటానికే గిన్నెతో సహా తిరగబడుతుంది. కింద సీసం దిమ్మ కడితే పని చేస్తుందేమో కానీ, అది ఊగడానికి ముందూ వెనకా జాగా కావాలి, మన వంట జాగాలో అది లేదు. పెద్ద ఓడల్లో వంటగదిలో పొయ్యి కదలదట, గిన్నెలు కదలకుండా పొయ్యి మీద కడ్డీలు ఉంటాయట.

అలా కడ్డీల దగ్గర తేలింది. స్టవ్వుని బల్లకి బోల్టులతో బిగించేశారు. చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తు కంచె, దాని మీద జరుపుకోగలిగే రెండు అడ్డ కడ్డీలు. గిన్నె ఎంతదైనా కడ్డీని దగ్గరికి జరిపి మర బిగిస్తే గిన్నె కదలదు. గింబల్ వేయించాలన్న నా కోరిక తీరలేదు కానీ, ఈ కడ్డీలు చూశాక ఇదే మేలనిపించింది. వెల్డర్ మావయ్యకి ఈ ముక్క చదివి వినిపించాలి.

ఆ మావయ్య లేకపోతే పూర్ణా మార్కెట్లో మేం ఇంకేదో కొనుక్కొచ్చేవాళ్లం. మెరిసే గాజు పలక ఉన్నవాటిని ఆయన చూడనే లేదు. ఇంజిన్ అదురుకి, వేడి గాజు మీద పడే ఉప్పునీటికి అది ఆగదన్నారు. స్టీలు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంది. ఒక కొట్టులో అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోవడం లేదు, మంచి స్టీలు" అన్నారు. మావయ్య నవ్వారు. అయస్కాంతానికి 304 అనే మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలూ అంటుకోదు, 202 అనే చవక రకం కూడా అంటుకోదు. 202లో నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ, సముద్రం దగ్గర త్వరగా తుప్పు పడుతుంది. ఆయన జేబులోంచి స్టీలు రకం తేల్చే మందున్న చిన్న సీసా తీసి, స్టవ్వు మీద చుక్క వేసి, బ్యాటరీ తగిలించారు. చుక్క ఎర్రబడింది, అంటే 202. ఆ కొట్టాయన మొహం చూడలేక నేను బయటికొచ్చేశాను. చివరికి 304 స్టీలు ఒళ్లు, ఇత్తడి బర్నర్లు ఉన్నది వేరే చోట దొరికింది. ఇంటి స్టవ్వు ధరకి రెండింతల పైనే అయింది. ఐఎస్ఐ గుర్తు ఉంది.

దాంట్లో నాకు బాగా నచ్చింది మంట ఆరితే గ్యాసు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు. బర్నర్ పక్కన చిన్న పుల్లలాంటిది ఉంటుంది, అది వేడిగా ఉన్నంతసేపే గ్యాసు వస్తుంది. గాలికి మంట ఆరిపోతే అది చల్లబడి కాసేపట్లో వాల్వు మూసుకుంటుంది. ఇది తప్పకుండా చూసుకోమని చెప్పింది కాకినాడ నుంచి ఫోన్ చేసిన అన్న. మనిషిని ఎప్పుడూ చూడలేదు, గంటసేపు మాట్లాడారు. వెలిగించేటప్పుడు నాబ్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి, వంట చేసే కుర్రాడికి మాత్రం ఇది చికాకు. "అక్కా, టీ పెట్టాలన్నా ఇంతసేపా" అంటాడు. అలవాటు చేసుకోమన్నాను.

ఇండక్షన్ పెట్టమన్న హైదరాబాద్ తమ్ముడికి కూడా థ్యాంక్స్, సలహా మంచిదే కానీ మాకు కుదరలేదు. 2000 వాట్ల పొయ్యికి 24 వోల్టుల బ్యాటరీ నుంచి 80 ఆంపియర్ల పైనే లాగాలి. అన్నం ఉడికేసరికి లైట్లకీ వైర్‌లెస్‌కీ ఏం మిగులుతుంది? పంపు స్టవ్వు అన్నవాళ్లకి: రేషన్ కిరోసిన్ ఇప్పుడు ఎక్కడుందండీ. టిఫిన్ బళ్ల మీద ఉండే హై ప్రెషర్ భట్టీ అన్నవాళ్లకి మాత్రం తాతగారే జవాబు చెప్తారట, ఆయన నంబరు ఇవ్వమంటారా?

గ్యాసు లెక్క మాత్రం మెస్ నడిపే ఆంటీగారిది. పెద్ద బర్నర్ గంటకి 150 గ్రాముల పైన తాగుతుంది, రెండు బర్నర్లు రోజుకి మూడు గంటలు వెలిగితే కిలోకి కాస్త తక్కువ, అంటే 19 కిలోల సిలిండర్ రెండు వారాలకి సరిపోయి కొంచెం మిగులుతుంది. వేళ్ల మీద లెక్కేసి చెప్పేశారు. గిన్నెలూ ఆవిడే మార్పించారు. వెడల్పు గిన్నెలు తీసేసి లోతైనవి పెట్టించారు, అవి కూడా సగానికి మించి నింపొద్దన్నారు. అన్నానికి మూత బిగించే పెద్ద కుక్కర్. బోటు ఎంత ఒరిగినా ఒలకదు, గ్యాసు కూడా ఆదా. పులుసు కుక్కర్‌లో వండితే ముక్క చితికిపోతుంది కాబట్టి దానికి లోతు గిన్నె. సముద్రం గట్టిగా ఉన్న రోజు బాణలి పైకి రాకూడదని ఆంటీగారి ఆర్డర్. చేప వేపుడు లేకుండా వేటేంటని కళాసీలు ఒకటే గోల. నాన్న వాళ్ల వైపే ఉన్నట్టున్నారు, పైకి చెప్పడం లేదు.

కేబిన్‌లో తలుపులూ కిటికీలూ మూసుకుని స్టవ్వు వెలిగించకూడదని, చలికని వెలిగించి పడుకుంటే అసలుకే మోసమని గుర్తు చేసిన డాక్టరమ్మగారికి, పొడి రకం అగ్నిమాపక సిలిండర్‌ని స్టవ్వు పక్కన కాకుండా తలుపు దగ్గర తగిలించమన్న (మంట దాటి వెళ్లి తెచ్చుకోలేం కదా) పక్క బోటు డ్రైవర్ బాబాయ్‌కి కూడా దండాలు. ఆ బాబాయ్ చెప్పిన ఇంకో అలవాటు కూడా పెట్టాం: వంట అవగానే నాబ్ కాదు, ముందు సిలిండర్ దగ్గర కట్టేయాలి. పైపులో మిగిలింది మండిపోయాక నాబ్ తిప్పాలి.

నిషేధం ముగిసేదాకా బోటు జెట్టీలోనే ఉంటుంది. చూడాలనుకునేవాళ్లు పొద్దున పూట వచ్చి చూసుకోవచ్చు, కొలతలు రాసుకోవచ్చు. కంచె, కడ్డీలు మీకూ కావాలంటే వెల్డర్ మావయ్య చేసిస్తానన్నారు. సిలిండర్ కేబిన్ లోపల పెట్టుకునేవాళ్లకి మాత్రం చెయ్యనని, ఆ మాట కూడా రాయమని చెప్పారు. రాసేశాను మావయ్యా.