డుడుమకు దక్కని కట్టుబాటు

సంపాదకులకు నమస్కారం.

అల్లూరి సీతారామరాజు జిల్లా హుకుంపేట మండలంలోని మత్స్యగుండంలో చేపలను ఎవరూ పట్టరు. మత్స్యగెడ్డలో తిరిగే ఆ చేపలు దేవుడివని అక్కడివారి నమ్మకం, ఏ ప్రభుత్వ బోర్డూ లేకుండానే సాగుతున్న కట్టుబాటు అది. అదే గెడ్డ దిగువన మాచ్‌ఖండ్ నదిగా ఒడిశా సరిహద్దుకు చేరి, డుడుమ వద్ద 150 మీటర్లకు మించిన ఎత్తు నుంచి లోయలోకి దూకుతుంది. దూకేది అనడమే న్యాయమేమో. 1955లో ఉత్పత్తి మొదలుపెట్టి, తర్వాత 120 మెగావాట్లకు చేరిన జలవిద్యుత్ కేంద్రానికి నీరు పైనుంచే మళ్లిపోతుంది. నేను మాఘమాసంలో వెళ్లినప్పుడు బండకు ఒక వారగా సన్నటి తెల్లని ధార జారుతోంది. తక్కిన బండ నిండా పాత తడికి నల్లబారిన మరకే. నా పక్కన నిలబడిన పిల్లవాడు జలపాతం ఎక్కడని వాళ్ల నాన్నను అడిగాడు.

కరెంటుకు కటకటలాడిన రోజుల్లో తీసుకున్న ఆ నిర్ణయాన్ని ఇప్పుడు తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నా అభ్యంతరం నేటి నిబంధనల మీద. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం 25 మెగావాట్ల లోపు జలవిద్యుత్ ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. ఏడాదిలో ఎక్కువ కాలం పారే చిన్న నది, దానికి నిట్టనిలువుగా ఒక దిగుడు ఉంటే మినీ హైడల్‌కు అంతకన్నా అనువైన చోటు ఉండదు. జలపాతం అంటే కూడా అదే కదా. అటవీ భూమి కావలసివస్తే వేరే అనుమతి తీసుకోవాలన్నది నిజమే గానీ, అది ప్రధానంగా నేలకూ చెట్లకూ సంబంధించినది.

నదులు అడ్డులేకుండా పారేలా కాపాడేందుకు అమెరికా 1968లోనే ప్రత్యేక చట్టం చేసి, తొలుత 8 నదులను జాబితాలో చేర్చింది. ఇప్పుడు వాటి సంఖ్య 200 దాటింది. జాబితాకెక్కిన నదీభాగంపై విద్యుత్ ఆనకట్టకు అక్కడి కేంద్ర సంస్థ లైసెన్సు ఇవ్వడానికి వీల్లేదు.

కడెం వాగు మీది కుంతాల, గోస్తని మీది కటికి వంటి జలపాతాలతో మన రెండు తెలుగు రాష్ట్రాలూ అలాంటి జాబితా తయారుచేసి, వాటి ఎగువన ఎంత చిన్న ప్రాజెక్టుకైనా నీటిని మళ్లించరాదని ఉత్తర్వులివ్వాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ జాబితాను ముందుగా గ్రామసభల ఎదుట పెట్టాలి. ఇప్పటికే నీరు మళ్లిన డుడుమ వంటి చోట్ల ఏ నెలలో కనీసం ఎంత నీరు వదలాలో నిర్ణయించి, వదిలిన లెక్కను అక్కడే బోర్డు మీద రాయాలి. మాచ్‌ఖండ్ ఉమ్మడి ప్రాజెక్టు కనుక ఒడిశా అంగీకారం తప్పదు. ఆ సంప్రదింపులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే చొరవ తీసుకోవాలని కోరుతున్నాను.

ఒక పాఠకుడు,
విశాఖపట్నం