కృష్ణా తీరాన శిల్పాలకు ఆరుబయలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండులోని వెస్ట్ ససెక్స్ పల్లెసీమలో, గుడ్‌వుడ్ వద్ద చెట్ల నడుమ, కాస్ స్కల్ప్చర్ ఫౌండేషన్ 2016లో సమకాలీన చైనా శిల్పుల కృతులను ఆరుబయట ప్రదర్శించింది. ఆ శిల్పాలను ఆ ప్రదర్శన కోసమే కొత్తగా చేయించారు. అటువంటి ప్రయత్నం మన ప్రాంతంలోనూ జరగాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఈ కోవలో నా మనసుకు బాగా హత్తుకున్నది చైనా శిల్పి జాంగ్ హ్వాన్ 2007లో చేసిన మూడు కాళ్ల బుద్ధుడు. న్యూయార్క్ రాష్ట్రంలో కొండలూ పచ్చికబయళ్లూ ఉన్న స్టార్మ్ కింగ్ శిల్పవనంలో, ఉక్కుతో, రాగితో చేసిన ఆ శిల్పం 28 అడుగుల ఎత్తున నిలిచి ఉంది. నడుము పైభాగం లేదు. ఉన్నవి మూడు కాళ్లు, వాటిలో ఒక పాదం కింద నిలువెత్తు మనిషిని మించిన తల. ఆ తల నేలలోకి కుంగుతున్నదో, నేలను చీల్చుకుని పైకి వస్తున్నదో చూసేవారే తేల్చుకోవాలి. చైనాలో మావో నాటి సాంస్కృతిక విప్లవ కాలంలో ధ్వంసమైన బౌద్ధ విగ్రహాల ముక్కలను టిబెట్‌లో చూసిన తరువాత ఆయన ఇటువంటి శిల్పాలకు పూనుకున్నారు.

విగ్రహ శకలాల సంగతి గుంటూరు సీమవారికి వేరే చెప్పనక్కరలేదు. మన అమరావతి మహాచైత్యపు పలకలు లండన్‌లో కొన్ని, చెన్నైలో కొన్ని ఉన్నాయి. ఆ స్తూపం తొలినాటి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో కాక చక్రం గుర్తున్న పాదాలుగా, ఖాళీ ఆసనంగా చెక్కారు. పల్నాటి సున్నపురాయి మీది ఆ పాదాలను ఎరిగినవారికి జాంగ్ హ్వాన్ రాగి పాదం పరాయిదిగా తోచదు. ఏడో శతాబ్దంలో చైనా బౌద్ధ యాత్రికుడు హుయన్‌త్సాంగ్ ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతి ప్రాంతానికి వచ్చి ఇక్కడి ఆరామాల గురించి రాసిపెట్టిన సంగతీ ఈ సందర్భంలో గుర్తు చేయదగినదే.

నేడు మన ఊళ్లలో శిల్పమంటే కూడలిలో దిమ్మె మీద, బంగారు రంగు పూసి, చుట్టూ ఇనుప కంచె వేసిన నాయకుల విగ్రహమే. ఆ గౌరవం ఉండవలసిందే. కానీ పాత ఇనుప సామాన్లతో నిలువెత్తు రూపాలు కట్టే తెనాలి శిల్పులకూ, తరతరాలుగా రాయి చెక్కుతున్న దుర్గి శిల్పులకూ విగ్రహాల ఆర్డరు తప్ప తమ సొంత ఊహను నిలబెట్టే చోటు లేకపోవడం నన్ను బాధిస్తున్నది.

కాబట్టి రాష్ట్ర సాంస్కృతిక, పర్యాటక శాఖలు వీరినీ, చైనా సహా ఇతర దేశాల శిల్పులనూ పిలిపించి, శీతాకాలమంతా ఇక్కడే ఉంచి, ఇక్కడి రాతితో, ఇనుముతో పని చేయించాలని కోరుతున్నాను. ఉండవల్లి నుంచి అమరావతి దాకా కరకట్ట వెంట చోటు ఉన్నా నది వైపు వరద భయం ఉంటుంది, అందుచేత కొండవీడు కొండ దిగువ నాకు మేలుగా తోస్తున్నది. కంచెలు, రంగుల దీపాలు వద్దు. ప్రతి శిల్పం వద్దా శిల్పి పేరు, వాడిన పదార్థం, చేసిన తీరు తెలుగులో రాసి పెట్టాలి. చూడవచ్చిన పిల్లలను రాతిని చేత్తో తాకి చూడనివ్వాలి.

— ఒక విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు